కట్నం వద్దన్నవాడి పెళ్ళి ఖర్చు

మా వైపు సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ఒక మాట తరచు వినిపిస్తుంది. “మాకు కట్నం గిట్నం ఏమీ వద్దండి. పెళ్ళి మాత్రం కాస్త ఘనంగా చెయ్యండి, చాలు.” అమలాపురంలో విన్నాను, రాజోలులో విన్నాను, హైదరాబాదులో కోనసీమ వాళ్ళుండే అపార్టుమెంట్లలోనూ విన్నాను. ఈ మాట అన్నవాళ్ళకి మంచివాళ్ళన్న పేరు వస్తుంది. ఆడపిల్ల తండ్రి కళ్ళు తుడుచుకోవడం కూడా నేను చూశాను.

2018లో నా పెళ్ళి మాటల్లో ఇది మా నాన్నగారు అన్నారు. పక్కన కూర్చుని నేను తలూపాను. అప్పటికి నేను ‘కన్యాశుల్కం’ మీద ఒక వ్యాసం, ‘వరవిక్రయం’ మీద ఒక సమీక్ష రాసి ఉన్నాను. కట్నం లేని పెళ్ళి చేసుకుంటున్నానని ఆఫీసులో నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

కాబట్టి ఈ వ్యాసంలో తిట్లు పడేవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. మిగతావాళ్ళు తర్వాత వస్తారు.

పెళ్ళి ఖర్చుల గురించి మనకి రెండు రకాల రాతలు దొరుకుతాయి. మొదటి రకం సలహాలు. ముందే బడ్జెట్ వేసుకోండి, అతిథుల జాబితా కుదించుకోండి, సీజను కానప్పుడు హాలు మాట్లాడుకోండి. ఈ మూడోది రాసినవాళ్ళెవరో మన పంచాంగం ఎప్పుడూ తెరిచినట్టు లేదు. సీజను కాని రోజులంటే మనకి మూఢం, ఆషాఢం, శూన్యమాసం. ఆ రోజుల్లో హాలు సగం అద్దెకిచ్చినా పురోహితుడు రాడు. సరే, అది చిన్న విషయం. ‘కుదించుకోండి’ అన్న క్రియకి కర్త ఎవరు? తెలుగు వాక్యానికి కర్త లేకపోయినా ఇబ్బంది లేదు, చక్కగా నడిచిపోతుంది. పెళ్ళి అలా నడవదు. ఆడపెళ్ళివాళ్ళు మగపెళ్ళివాళ్ళ జాబితా కుదించగలరా? “మీ మేనత్తగారి తోడికోడలి తరఫువాళ్ళు రాకపోతే బాగుంటుందండి” అని మీరెప్పుడైనా ఒక ఆడపిల్ల తండ్రి నోట విన్నారా?

రెండో రకం రాతలు మన వెబ్ పత్రికల్లోనే వస్తాయి. నేనూ రాశాను. తాటాకు పందిరి, అరటి బోదెలు, పెరట్లో తవ్విన గాడిపొయ్యి, తెల్లవారుజామున సన్నాయి, పనసపొట్టు కూర, కందా బచ్చలి, బూరెలో చిల్లుపెట్టి పోసిన నెయ్యి. ఆ రోజుల్లో పెళ్ళంటే పెళ్ళి, ఇప్పుడంతా ఈవెంట్ మేనేజర్లు వచ్చి పాడుచేశారు. చివర్లో కొబ్బరాకుల మధ్య వెన్నెల తప్పనిసరి.

పనసపొట్టు కూర మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఆ పందిట్లో మొదటి బంతిలో ఎవరు కూర్చున్నారో, చివరి బంతి ఎవరిదో, ఆకులు ఎవరెత్తారో ఈ వ్యాసాల్లో ఉండదు. మా ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళలో మా పాలేరు కుటుంబం పశువుల పాక దగ్గర, అందరూ అయ్యాక, గిన్నెల్లో పెట్టించుకుని తినడం నేను చూశాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అది తప్పని ఎవరూ అనలేదు, నాకూ అనిపించలేదు. బఫేని ఎంతైనా వెక్కిరించండి, కంచం చేత్తో పట్టుకుని నుంచోవడం మన సంప్రదాయమా అనండి. ఆ వరసలో ముందు ఎవడుంటే వాడికి ముందు వడ్డించాలి. కోనసీమలో ఇది చిన్న సంగతి కాదు. 2022లో జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టినందుకు అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టిన చోటు ఇది.

ఇక ఖర్చు. అయిదురోజుల పెళ్ళిళ్ళు చవగ్గా జరిగాయని ఎవరన్నారు? మా తాతగారి చెల్లెలి పెళ్ళికి ముత్తాత రెండెకరాలు అమ్మాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పొలం గట్టు మీంచే నేను బడికెళ్ళేవాణ్ణి. అప్పుడు ఈవెంట్ మేనేజరు లేడు, డ్రోను లేదు, అయినా పొలం పోయింది. ఎందుకు పోయిందంటే, అప్పుడూ ఇప్పుడూ మారనిది ఒకటుంది: ఎంత ఖర్చుపెట్టాలో తేల్చేది ఒకళ్ళు, ఆ ఖర్చు కట్టేది ఇంకొకళ్ళు.

ఇది నాకు ఆఫీసులో తెలిసింది. అక్కడ సర్వర్ల బిల్లు చాలాకాలం ఒకే ఖాతా నుంచి పోయేది. ఏ టీముకి కావాల్సినన్ని మెషీన్లు ఆ టీము తీసుకునేది. పొదుపు గురించి మెయిల్స్ వచ్చేవి, శిక్షణ తరగతులు పెట్టారు, గోడల మీద పోస్టర్లు కూడా. ఏమీ మారలేదు. ఒక ఏప్రిల్ నుంచి ఎవరు వాడిన బిల్లు వాళ్ళ టీము ఖాతాకి వెయ్యడం మొదలుపెట్టారు. అక్కర్లేని మెషీన్లు రెండు నెలల్లో వాటంతటవే మాయమైపోయాయి. ఎవరికీ సలహాలు అవసరం కాలేదు.

ఆ రోజుల్లోనే నా పెళ్ళి లెక్కల ఎక్సెల్ షీటు మళ్ళీ తెరిచాను. పెళ్ళినాటికి మా మావగారు రిటైరైన టీచరు. రాజోలు దగ్గర ఊరు, కొంత కొబ్బరితోట. ఆయన నోటుపుస్తకంలో రాసుకున్న లెక్కల్ని నా భార్య ఎక్సెల్లోకి ఎక్కించింది. మొత్తం నలభై మూడు వరసలు. నేను దానికి రెండు నిలువు గళ్ళు చేర్చాను. ఎవరు నిర్ణయించారు, ఎవరు కట్టారు. నింపుకుంటూ పోతే ఇరవై తొమ్మిది వరసల్లో నిర్ణయం మాదే. ఏసీ హాలు ఉండాలన్నది మా అమ్మ, ఏప్రిల్ ఎండలకి తట్టుకోలేరని. ఫోటోగ్రాఫరు నా స్నేహితుడికి తెలిసినవాడు. పూల అలంకరణ నమూనా మా అక్క పంపిన ఫోటో. మావాళ్ళని తీసుకొచ్చిన నాలుగు బస్సులు మావి, అంటే అద్దె వాళ్ళది. కట్టింది మేం కేవలం రెండు వరసలకి.

భోజనాల లెక్క వేరే చెప్పాలి. ఆ రాత్రి పదహారు వందల ప్లేట్లు, ప్లేటు మూడువందల యాభై. అయిదు లక్షల అరవై వేలు. అందులో మావాళ్ళు తొమ్మిది వందల మంది. రెండ్రోజుల తర్వాత మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుని భోజనాలు పెట్టాం. ఆ ఖర్చు మాది. దానికి ఎంతమందిని పిలిచామో తెలుసా? మూడు వందల మందిని. అదే ఊరు, అదే చుట్టాలు, అదే మా నాన్నగారు. “అందర్నీ పిలిస్తే ఏం కుదురుతుంది, దగ్గరవాళ్ళు చాలు” అన్నారాయన, చాలా సహజంగా. మా నాన్నగారు చెడ్డమనిషి కాదు. తొమ్మిదివందల మందిని పిలిచినప్పుడు కూడా ఆయన మనసులో ఉన్నది అభిమానమే. బస్సులో సీట్లున్నాయి కదా, ఆళ్ళని మాత్రం ఎందుకొదిలెయ్యడం అన్న అభిమానం. తన డబ్బైతే మూడువందలు, ఇంకొకరి డబ్బైతే తొమ్మిదివందలు. పెళ్ళి ఖర్చులు ఎందుకు పెరుగుతున్నాయి అన్నదాని మీద ఇంతకన్నా నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఆ ఖర్చులో కొంత భాగానికి మావగారు అర ఎకరం తోట అమ్మారు. ముప్ఫై రెండు చెట్లు. నాకు ఆ సంగతి మూడేళ్ళ తర్వాత తెలిసింది, అదీ దింపు డబ్బులు ఎందుకు తగ్గాయో మాటల్లో వస్తే.

ఇది కట్నం కాదా? చట్టం సంగతి చూద్దాం. వరకట్నాన్ని నిషేధించడంలో మనం దేశం కన్నా ముందున్నాం. 1958లోనే ఆంధ్రప్రదేశ్‌కి సొంత చట్టం ఉంది. 1961లో కేంద్ర చట్టం వచ్చి దాన్ని రద్దు చేసింది. ఈ కేంద్ర చట్టం దృష్టిలో కట్నం అంటే పెళ్ళికి సంబంధించి ఇచ్చిన, ఇస్తామన్న ఆస్తి, లేదా విలువైన పత్రం. 1985 నిబంధనల ప్రకారం అయితే పెళ్ళిలో వచ్చిన కానుకలకి వధూవరులు విడివిడిగా జాబితా రాసి, ఎవరిచ్చారో, విలువ సుమారుగా ఎంతో వేసి, సంతకాలు పెట్టి ఉంచుకోవాలి. మీరెవరైనా రాశారా? చదివింపుల పుస్తకం మాత్రం ప్రతి పెళ్ళిలోనూ బల్ల వేసుక్కూర్చుని పైసాతో సహా రాస్తాం, తిరిగి చదివించాలి కాబట్టి. నేను చట్టం చదివిన వాణ్ణి కాదు. కానీ తొమ్మిదివందల మంది తిని చెయ్యి కడుక్కున్న భోజనం ఏ జాబితాలోకి ఎక్కుతుంది? బీరువా అయితే కనపడుతుంది, బండి అయితే నంబరుంటుంది. ఘనతకి రసీదు ఉండదు. డబ్బు రూపంలో అడగడానికి సిగ్గుపడ్డ మనం, రుజువు దొరకని రూపంలో అడగడం నేర్చుకున్నాం.

‘వరవిక్రయం’ గురించి కూడా నేను అప్పట్లో రాసింది వెనక్కి తీసుకోవాలి. కాళ్ళకూరి నారాయణరావు 1920ల మొదట్లో రాసిన నాటకం. 1939లో సి. పుల్లయ్య సినిమాగా తీశాడు, భానుమతికి అది మొదటి సినిమా. సింగరాజు లింగరాజు పిసినారితనం, బేరాలు చూసి జనం దశాబ్దాల తరబడి నవ్వారు. కాళింది నూతిలో పడి చచ్చిపోతే ఏడ్చారు. ఈ నాటకం వరకట్నానికి చావుదెబ్బ కొట్టిందని నా సమీక్షలో రాశాను. ఎక్కడ కొట్టింది? లింగరాజుని చూసి నవ్వడం వల్ల మనకి ఒక సౌకర్యం దొరికింది. నేను బేరమాడలేదు, రొక్కం అడగలేదు, కాబట్టి నేను లింగరాజుని కాను. ఈ నాటకాన్ని ఇప్పుడు రాయాల్సి వస్తే లింగరాజు పిసినారిగా ఉండడు. నవ్వుతూ ఉంటాడు, చదువుకున్నవాడు, “మీ ఇష్టం అండి, మీ అమ్మాయి పెళ్ళి, మీ ముచ్చట” అంటాడు. బహుశా ఇలాంటి పత్రికల్లో వ్యాసాలు కూడా రాస్తాడు.

ఒక అభ్యంతరం మాత్రం గట్టిది. నేను ఈ మాటలు అంటుంటే మా ఊరి స్నేహితుడొకడు అడిగాడు: “పెళ్ళిళ్ళు తగ్గించేస్తే సన్నాయోళ్ళు ఏం తింటార్రా? పందిరేసేవోడు, వంటోళ్ళు, కడియం నుంచి పూలు తెచ్చేవోళ్ళు, ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఆడాళ్ళు? నీలాగ నెలజీతం వస్తదా ఆళ్ళకి?” నిజమే. కొబ్బరి ధర పడిపోయినప్పుడు, వరి గిట్టుబాటు కానప్పుడు, ఊళ్ళో డబ్బు కదిలే సందర్భాల్లో పెళ్ళి ఒకటి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు మా వల్ల కాదని పంట విరామం ప్రకటించిన సంగతి గుర్తుంది కదా. ఆ ఏడు కూడా పెళ్ళిళ్ళు ఆగలేదు.

అందుకని మళ్ళీ షీటు చూశాను. సన్నాయి మేళానికి ఇచ్చింది ఇరవై రెండు వేలు, ఆరుగురికి కలిపి, ముందురోజు సాయంత్రం నుంచి మర్నాడు అప్పగింతల దాకా. ఫోటోలకీ వీడియోకీ డ్రోనుకీ లక్షా తొంభై వేలు. పూతరేకులు పదకొండు వేలు. స్టేజీ వెనక ఎల్.ఈ.డీ. తెర అద్దె, ఒక్క రాత్రికి, అంతకి నాలుగింతలు. అద్దె హాలు మీద 18 శాతం జీఎస్టీ. ఊరివాళ్ళకి పని దొరుకుతుందని పెళ్ళి ఘనంగా చేస్తున్నాం అనేవాళ్ళు, ముందు సన్నాయివాళ్ళతో బేరం ఆడటం మానెయ్యాలి. మేం ఆడాం. ఇరవై అయిదు అడిగితే ఇరవై రెండుకి తెగింది. ఫోటోగ్రాఫరుతో ఎవరూ ఆడలేదు.

ఇంకో సంగతి. గోదావరి మర్యాదలని మనం ముచ్చటపడి ఫోన్లలో పంపుకునేవి. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాల వంటలు వడ్డించిన ఫోటో మీకూ వచ్చే ఉంటుంది. అంతకు ముందేడు ఆషాఢంలో రాజమండ్రి నుంచి యానాం అల్లుడింటికి వెళ్ళిన సారె, టన్ను చేపలు, టన్ను కూరగాయలు, పది మేకపోతులు. దేశమంతా నవ్వుకుంది, మనం కాస్త గర్వపడ్డాం కూడా. పెట్టేవాళ్ళకి ఉంది, పెట్టారు. వాళ్ళ గురించి నాకేం బాధ లేదు. ఆ ఫోటో మలికిపురంలోనో ముమ్మిడివరంలోనో కిరాణా కొట్టు నడుపుకునే ఒకాయన ఇంట్లో ఫోన్లో ఆడుతున్నప్పుడు, వచ్చే నెల పెళ్ళి కావాల్సిన కూతురు పక్కనే ఉన్నప్పుడు, ఆయనకి అది వినోదం కాదు, రేటు పెరిగినట్టు వచ్చిన కబురు. మా వైపు ఆడవాళ్ళు పెళ్ళి అప్పు తీర్చడానికి ఇంటిపనికి కువైట్ వెళ్ళి, కన్నపిల్లల్ని ఏళ్ళ తరబడి వీడియో కాల్‌లో చూసుకోవడం కోనసీమలో ఎవరికీ కొత్త సంగతి కాదు. ఆ అప్పులో ఎన్ని ప్లేట్లు ఎవరి చుట్టాలవో ఎవరూ లెక్క తీయరు.

ఖర్చు లేని పెళ్ళికి దారులు లేవా అంటే ఉన్నాయి. అన్నవరం కొండ మీద చేసుకోవచ్చు. రిజిస్ట్రారు దగ్గర చేసుకోవచ్చు. కానీ “కొండ మీద చేసేశారంట” అన్నప్పుడు మా అత్తలు ఆ ‘చేసేశారంట’ని ఎలా పలుకుతారో మీకు తెలుసు. ఆటపాటలకీ తిండికీ తాగుడికీ పెళ్ళి ఒక ఈవెంటు కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయితే ఆ తీర్పు చెప్పింది సప్తపది లాంటి తంతు లేకుండా రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటీ ఉంటే హిందూ వివాహం అవదని. పేపర్లలో వచ్చింది మాత్రం ఆ ఒక్క వాక్యం. మా బంధువుల గ్రూపులో దాన్ని పంచుకున్నాయన కొడుకు పెళ్ళి దిండిలో రిసార్టులో జరిగింది. ఖర్చు ఎవరిదో అడగొద్దు.

నేను అందర్నీ కొండెక్కమనడం లేదు. పదహారువందల మందిని పిలవడం నేరమని కూడా అనను. అడిగేది ఒక్కటే. ఎవరి అతిథుల ఖర్చు వాళ్ళు పెట్టుకోవాలి. మగపెళ్ళివాళ్ళ బస్సులు మగపెళ్ళివాళ్ళవి. హాలు, అలంకరణ చెరిసగం. ఫోటోలు కావాలన్నవాళ్ళవి. ఈ ఒక్క ఏర్పాటు చేసి, ఆ తర్వాత ఎంత ఘనంగా చేసుకుంటారో చేసుకోండి. సలహాల వ్యాసాలు అక్కర్లేదు.

ఇది ఎవరు అనాలి అన్నదే చిక్కు. ఆడపిల్ల తండ్రి అనలేడు, అంటే సంబంధం పోతుంది. ఆడపిల్ల అంటే “అప్పుడే నోరు లేచింది” అంటారు. ఏమీ పోగొట్టుకోకుండా ఈ మాట అనగలిగినవాడు ఆ గదిలో ఒక్కడే. పెళ్ళికొడుకు. వాడు మాత్రం ఫోన్ చూసుకుంటూ తలూపుతాడు. నేను ఊపాను. ముప్ఫై రెండు చెట్లకి సరిపడే డబ్బు పట్టుకుని ఆరేళ్ళ తర్వాత రాజోలు వెళ్తే మావగారు, “ఇప్పుడెందుకండీ అల్లుడుగారూ, మీరేం అడిగారని” అన్నారు. నిజంగా అనుకునే అన్నారు. డబ్బు తీసుకోలేదు. నా భార్య ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. తోట అమ్మేశారని ఆమెకి పెళ్ళినాడే తెలుసు.

పోయిన కార్తీకంలో మా చిన్నాన్న కూతురి పెళ్ళి మాటలు జరిగాయి, కొత్తపేటలో. ముందురోజు రాత్రి చెల్లి నన్ను పెరట్లోకి పిలిచి, “అన్నయ్యా, నువ్వే అడుగు. నాన్న అడగడు” అంది. మర్నాడు పెళ్ళికొడుకు తండ్రి కాఫీ తాగుతూ ఆ మాటే అన్నారు, అక్షరం పొల్లుపోకుండా. కట్నం వద్దండి, పెళ్ళి ఘనంగా చెయ్యండి. నేను, “చాలా సంతోషం అండి. మీ తరఫున ఎంతమంది ఉంటారండి?” అన్నాను.

“ఏడెనిమిది వందలు ఉంటారు బాబూ. మాది పెద్ద కుటుంబం.”

“మరి వాళ్ళ భోజనాలు మీవి, మావాళ్ళవి మావి అనుకుందామా అండీ?”

చిన్నాన్న నా కాలు తొక్కాడు. పిన్ని లోపలికెళ్ళి, ఎవరూ అడక్కుండానే ఇంకో విడత కాఫీ తెచ్చింది. పెద్దాయన కండువా సర్దుకుని, “ఇంటికెళ్ళి మాట్లాడుకుని చెప్తామండి” అని లేచారు. తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. ఆ తొమ్మిది రోజులూ చిన్నాన్న నాతో మాట్లాడలేదు. పదోరోజున ఆ కుర్రాడే ఫోన్ చేశాడు, బెంగళూరు నుంచి. సగం ఖర్చుకి ఒప్పుకుంటున్నామన్నాడు. నా షీటు పంపమన్నాడు, ఆ రెండు గళ్ళతో సహా.

వాళ్ళ జాబితా ఇప్పుడు రెండువందల అరవై. మాది కూడా తగ్గింది, చిన్నాన్నకి ఇష్టం లేకపోయినా. సన్నాయి వాళ్ళతో నేనే మాట్లాడాను, వాళ్ళడిగినంతకి ఖాయం చేశాను. పెళ్ళి మాఘంలో. పెద్దాయన నాతో ఇంకా ముభావంగానే ఉంటున్నారు. చిన్నాన్న మాత్రం కనిపించినప్పుడల్లా, “సంబంధం చెడిపోయుంటే ఏం చేసేవోడివిరా?” అని అడుగుతున్నాడు. ఇప్పటిదాకా నాలుగుసార్లు అడిగాడు.